సింకు కింద సొరుగు

"ఆఫీసు మొత్తం నా వెనకే ఉంది మేడమ్!"

ఈ మాట అంటున్నప్పుడు నేను మీటింగ్ గదిలో, మేడమ్ గారి బల్లకి ఇవతల, రొమ్ము విరుచుకుని నిలబడి ఉన్నాను. మాటకి బలం రావాలని చెయ్యి వెనక్కి ఊపి చూపించాను కూడా. మేడమ్ నా చెయ్యి చూపించిన వైపు చూశారు. నేనూ తిరిగి చూశాను.

మంచినీళ్ళ క్యాన్ ఉంది.

నిండుగా కూడా లేదు. నేను చూస్తుండగానే అందులో ఒక బుడగ పైకి లేచి 'గుడుక్' మంది. ఆఫీసు తరఫున నాకు అందిన మద్దతు మొత్తం అంతే.

"చెప్పు," అన్నారు మేడమ్. "నువ్వూ, ఆ క్యానూ కలిసి ఏమంటారు?"

పోయిన వారం ఇదే శీర్షికలో నేనెంత ధీమాగా రాశానో చదివినవాళ్ళు దయచేసి నవ్వకండి. చదవనివాళ్ళకి సంగతి చెప్తాను, వాళ్ళు తర్వాత నవ్వొచ్చు.

మాది వంటిళ్ళకి అల్మరాలు చేసే కంపెనీ. ముందు హాల్లో మేం కంప్యూటర్ల మీద డ్రాయింగులు గీస్తాం. వెనక షెడ్డులో మేస్త్రి మనుషులు వాటి ప్రకారం ప్లైవుడ్ కోస్తారు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క మనిషి, మా పిన్ని. మా అమ్మకి సొంత చెల్లెలు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. నన్ను ఇందులోంచి తీసెయ్యమని వారానికోసారి మేడమ్‌కి చెప్పేదీ ఆవిడే. ఆఫీసంతా ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తారు, ఒక్క మేనేజర్ తప్ప.

పిన్ని పని మా డ్రాయింగులు సరిచూడటం. తన కుర్చీలో మాత్రం కూర్చోదు. పొద్దున వచ్చి హ్యాండ్‌బ్యాగ్ కుర్చీలో పెడుతుంది. ఇక సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఉద్యోగం చేసేది ఆ బ్యాగే. ఆవిడేమో చెప్పులు టపటపలాడించుకుంటూ మా వెనక తిరుగుతుంది. ఉన్నట్టుండి ఎవరి వెనకో ఆగుతుంది. జుట్టులోంచి పెన్సిల్ తీసి, దాని వెనకవైపుతో వాడి స్క్రీన్ మీద పొడుస్తుంది. "ఇక్కడ పొయ్యి. ఇక్కడ సొరుగు. సొరుగు లాగితే వంట చేసే మనిషి ఎక్కడ నిలబడాలి, నీ నెత్తి మీదా?" వాడు ఎదురు చెప్తాడు, ఆవిడ తిడుతుంది, కాసేపు యుద్ధం జరుగుతుంది, చివరికి సొరుగు జరుగుతుంది. మా హాల్లో ప్రతి స్క్రీన్‌కీ పెన్సిల్ పోట్ల మచ్చలున్నాయి. నాది దూరం నుంచి చూస్తే మశూచి వచ్చి తగ్గిన మొహంలా ఉంటుంది.

మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు సైలెన్సర్. ఆయన హాల్లో అడుగుపెడితే అప్పటిదాకా మోగుతున్న గొంతులన్నీ పడిపోతాయి. ఆయన సిద్ధాంతం ఒక్కటే: నోరు ఆడుతోందంటే చెయ్యి ఆడట్లేదని అర్థం. అందుకని మేడమ్‌కి చెప్పి రెండు సాఫ్ట్‌వేర్లు తెప్పించారు. ఒకటి చాటింగ్‌ది. ఎవరికి ఏం చెప్పాలన్నా నోరు తెరవకుండా అందులో మెసేజ్ పెట్టాలి, షెడ్డులో మేస్త్రి ఫోన్‌కి కూడా అదే వెళ్తుంది. రెండోది స్క్రీన్ రికార్డింగ్‌ది. మన కంప్యూటర్లో రోజంతా జరిగేదాన్ని సినిమా తీసి దాచిపెడుతుంది. "రెండూ కొన్నాళ్ళు వాడి చూడండి. ఏదో ఒక్కటే కొంటాను," అన్నారు మేడమ్. ఆ ఒక్కటీ ఏదో తేలే రోజు ఇవాళ.

పొద్దున టీ దగ్గర అందరం ఒక్క మాట మీద నిలబడ్డాం. మన స్క్రీన్ల మీద నిఘా వద్దు, రికార్డింగ్ పీకేసి చాటింగే కొనండి అని కలిసికట్టుగా వెళ్ళి చెప్దాం అన్నారు. నేను ముందు నడిచాను. వెనక అడుగుల చప్పుడు కూడా విన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవి నా అడుగులే.

అయినా వెనక్కి తగ్గే రకం కాదు నేను. ఎందుకంటే సైలెన్సర్‌కి కావలసింది రికార్డింగ్ కాదు, పిన్ని ఉద్యోగం ఊడగొట్టడం. రాత్రి బాబాయి కూడా ఫోన్ చేసి గుసగుసగా బతిమాలాడు. "నాయనా, ఎలాగైనా ఆవిడ ఉద్యోగం నిలబెట్టు. ఇంట్లో కూర్చుంటే పొద్దస్తమానం నా వెనక తిరుగుతుంది. ఆ పెన్సిల్‌తో నన్ను పొడుస్తుంది." అని, గొంతు మార్చి అన్నాడు: "అది కాదురా. ఆ పని లేకపోతే మీ పిన్ని మనిషి కాదు."

అందుకే క్యాన్ తరఫునా, నా తరఫునా అన్నాను: "రికార్డింగ్ వద్దు మేడమ్. ఒప్పుకోం."

మేడమ్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. బల్ల కింద చిన్న పీట ఉంటుంది. ఆ పీట గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడరు. కొత్తగా చేరినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు కూడా, నిప్పు కాలుతుందని పిల్లలకి తెలిసినట్టు తెలిసిపోతుంది. ఆ పీట మీద కాళ్ళు పెట్టుకుని ఆవిడ చూసే చూపుకి, ఆరడుగుల మేస్త్రి కూడా ఐదడుగులకి దిగిపోతాడు.

"వద్దో కావాలో నేను చెప్తాను. ముందు ఆయన చూపించేది చూద్దాం," అన్నారావిడ.

సైలెన్సర్ గోడ మీది టీవీ పెట్టారు. "ఇది ఆవిడ స్క్రీన్ మేడమ్. ఈ వారంది."

టీవీలో ఒక డ్రాయింగ్ కనిపించింది. అలాగే ఉంది. ఇంకా అలాగే ఉంది. తర్వాత స్క్రీన్‌సేవర్ వచ్చింది. నీలం నీళ్ళు, నారింజ రంగు చేపలు. చేపలు మామూలుగా ఈదట్లేదు, రైలు తప్పిపోతున్నట్టు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"వీటికేమైంది?" అన్నారు మేడమ్.

"ఎనిమిది రెట్ల వేగంలో తిప్పుతున్నాను మేడమ్. మామూలుగా చూస్తే నిద్రొస్తుంది. అందరివీ ఇలాగే చూస్తాను, సౌండ్ కట్టేసి. సాయంత్రానికల్లా ఆఫీసంతా అయిపోతుంది." ఆయన గర్వంగా గొంతు సవరించుకున్నారు. "ఎప్పుడో ఒకసారి ఒక నిమిషం ఏదో టైప్ చేశారు. మిగతాదంతా చేపలే. మనం ఆవిడకి జీతం ఇస్తున్నది చేపలు పెంచడానికా?"

"పిన్ని పని పిన్ని స్క్రీన్లో ఉండదు సార్," అన్నాను. "మా స్క్రీన్లలో ఉంటుంది."

"అక్కడ ఆవిడ పేరు రాసుందా?"

"మచ్చలున్నాయి సార్."

"ఏంటి?"

"పెన్సిల్ మచ్చలు."

"అవా? రేపు తుడిపిస్తున్నాను."

ఇక లాభం లేదని నా బ్రహ్మాస్త్రం తీశాను. "ఆవిడ ఒక నిమిషం టైప్ చేశారన్నారే, అసలు పనంతా అక్కడే ఉంది. చూడండి మేడమ్." ఫోన్లో చాటింగ్ గ్రూప్ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. పిన్ని పేరు మీద వరసగా మెసేజిలు.

మేడమ్ పైకి చదివారు. "'పొయ్యి పక్కన ఫ్రిజ్ పెట్టినవాడు అత్తాకోడళ్ళని ఒకే గదిలో పెట్టినవాడితో సమానం.'" ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. "'మూల అల్మరాలోకి వెళ్ళిన మోచెయ్యి తిరిగి రావాలి. మీ డ్రాయింగ్‌లో రాదు. ఆ ఇంటివాళ్ళకి కొత్త మోచెయ్యి మనమే కొనివ్వాలి.'" ఈసారి పూర్తిగా నవ్వేశారు. "ఇంత బాగా రాస్తుందా?"

"పుట్టుకతో వచ్చిన కళ మేడమ్," అన్నాను వినయంగా.

మీకొక్కళ్ళకే చెప్తున్నాను, మేడమ్‌కి చెప్పకండి. అందులో ఒక్కటి కూడా పిన్ని రాసింది కాదు. "నోరుండగా వేళ్ళెందుకురా?" అని ఆవిడ చాటింగ్ వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడ అకౌంట్ తెరిచిందీ నేనే, పాస్‌వర్డ్ పెట్టిందీ నేనే. చాటింగ్‌లో ఒక్క మెసేజ్ కూడా లేకపోతే సైలెన్సర్ ఊరుకుంటారా? అందుకని ఆవిడ హాలు చివర ఎవరితోనో పోట్లాడుతున్నప్పుడు, బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ కంప్యూటర్ నుంచే రాసేవాణ్ణి. రికార్డింగ్‌లో స్క్రీన్ పడుతుంది కానీ, దాని ముందు కూర్చున్న మొహం పడదు కదా. ఇంత పకడ్బందీ దొంగతనం చరిత్రలో ఎవడూ చేసి ఉండడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మేస్త్రి లోపలికొచ్చాడు. చేతిలో కొత్త సొరుగు. దాన్ని తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాడు. చక్కగా నున్నగా ఉంది. అడుగున నట్టనడుమ గుండ్రంగా, పిడికిలి దూరేంత బొక్క ఉంది.

"ఏంటిది?" అన్నారు మేడమ్.

"సొరుగండీ. సింకు కిందకి."

"సింకు కింద సొరుగేంటి? అక్కడ పైపు ఉంటుంది కదా?"

"అందుకే దారి ఇచ్చామండీ." మేస్త్రి పిడికిలి బొక్కలోంచి దూర్చి అవతల వైపు వేళ్ళు ఆడించి చూపించాడు.

"పైపు ఇందులోంచి వెళ్తే సొరుగు బయటికెలా వస్తుంది?"

"రాదండీ," అన్నాడు మేస్త్రి బాధగా. "షెడ్డులోనే పైపు ముక్క పెట్టి బిగించి లాగి చూశాం. విప్పి, మళ్ళీ బిగించి లాగాం. మాకే లాగడం రావట్లేదేమో అని కుర్రాళ్ళని మార్చి కూడా చూశాం. పిన్ని చెప్పిందంటే ఏదో ఉపాయం ఉంటుంది కదా, అదేంటో అడుగుదామని వచ్చా. ఇంకా చాలా కోసేశాం. ఆ ఇంటివాళ్ళు సాయంత్రం చూడ్డానికి వస్తామన్నారు."

"పిన్ని చెప్పిందా?"

మేస్త్రి ఫోన్ తీసి చూపించాడు. మేడమ్ చదివారు, ఈసారి నవ్వు లేకుండా. "'సింకు కింద తలుపులొద్దు, సొరుగులు పెట్టండి. పైపు అడ్డొస్తే దారి ఇవ్వండి. పెద్దలకి దారి ఇవ్వడం మన మర్యాద.'"

అది జోకు! ఎవరికైనా తెలుస్తుంది అది జోకని. చివర నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

"నవ్వే బొమ్మ చూసే భయపడ్డామండీ," అన్నాడు మేస్త్రి, నా మనసులో మాట విన్నట్టే. "పిన్ని నవ్విందంటే ఎంత అర్జెంటో అని."

"బుర్ర ఉండక్కర్లేదా మీకు? అడగక్కర్లేదా?" సైలెన్సర్ లేచారు.

"ఎవర్ని అడగాలండీ?" మేస్త్రికి కోపమొచ్చింది. "పిన్ని నోటితో చెప్తే నేను ఊరుకుంటానా? పోట్లాడతాను. ఆవిడ నన్ను తిడుతుంది, నేను ఉలి కింద పడేస్తాను, అరగంటలో ఏది సరైందో తేలిపోతుంది. ఎప్పుడూ అంతే కదా! ఇప్పుడేమో నోరెత్తొద్దు, ఫోన్లో వచ్చింది చెయ్యండి అన్నారు మీరు. ఫోన్‌తో ఏం పోట్లాడను? ఇవాళ పొద్దున ఇంకోటి వచ్చింది, అది కూడా అడగలేదు. మావాళ్ళకి అప్పజెప్పి వచ్చా."

పొద్దుటిది కూడా అప్పుడే చూసేశారా? సరే, దాని సంగతి తర్వాత ఆలోచిద్దాం అనుకున్నాను. ఒకసారికి ఒక్క చావే చావాలని నా నియమం.

"ఆవిణ్ణి పిలవండి," అన్నారు మేడమ్.

చెప్పుల టపటప దగ్గరయింది. పిన్ని వచ్చింది. జుట్టులో పెన్సిల్, నడుముకి షెడ్డు తాళాల గుత్తి. ముందు సొరుగు చూసింది. బొక్కలోకి చూసింది. "ఏ వెధవ చేశాడిది?" అంది.

"మీరు చెయ్యమన్నదే," అన్నారు సైలెన్సర్ తియ్యగా. మేడమ్ ఫోన్ అందించారు.

పిన్ని చదివింది. చదువుతుంటే పెదవులు కదిలాయి. 'పెద్దలకి దారి ఇవ్వడం మన మర్యాద' దగ్గర ఆగాయి. తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం ఎత్తి నా వైపు చూసింది. నాకు ఒళ్ళంతా పెన్సిల్ పోట్లు తగిలాయి. ఆ ముక్క చిన్నప్పుడు నేను ఆవిడకే చెప్పేవాణ్ణి, గేటు ముందు ఆవిడ దారి అడిగినప్పుడల్లా నడుం వంచి మరీ.

"ఇది నువ్వు రాశావా?" అడిగారు మేడమ్. "నువ్వు ఇలాంటిది రాస్తావంటే నేను నమ్మను. రాశానంటే మాత్రం ఉంచుకోలేను. ఆలోచించి చెప్పు."

"ఆలోచించడానికేముంది?" పిన్ని ఫోన్ బల్ల మీద పెట్టింది. "నేనే రాశాను."

 

"అయిపోయింది కదా మేడమ్," సైలెన్సర్ చేతులు దులుపుకున్నారు. "పని చేస్తే నష్టం, చెయ్యకపోతే చేపలు. తాళాలు ఇచ్చెయ్యమనండి."

పిన్ని ఎవరూ అడక్కముందే నడుం దగ్గరి గుత్తి విప్పింది. సొరుగులో పడేసింది. అవి కొంచెం జారి, బొక్కలోంచి బల్ల మీద పడ్డాయి. "ఇచ్చాను. ఇంకేమైనా కావాలా? పెన్సిల్ నా సొంతం, అది ఇవ్వను."

ఆ క్షణంలో నేను నిజం చెప్పేస్తే పిన్ని గుత్తి పిన్నికి దక్కేది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నిజం చెప్పడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు. తెలివితేటలతో గట్టెక్కే దారి ఏదో ఉండకపోదని వెతికాను. దొరికింది కూడా.

"సార్! ఇందాక సౌండ్ కట్టేసి చూస్తానన్నారు. అంటే దాంట్లో సౌండ్ ఉందా?"

"ఉంటుంది. మైకు కూడా పడుతుంది. ఎవడికి కావాలి?"

"నాకు కావాలి. మేడమ్, ఆ చేపల్ని మామూలు వేగంలో, సౌండ్‌తో పెట్టించండి. అప్పుడు చెప్పండి పిన్ని పని చేస్తుందో లేదో."

సైలెన్సర్ అడ్డం చెప్పబోయారు. మేడమ్ తనే రిమోట్ అందుకున్నారు.

చేపలు నెమ్మదించాయి. ఊపిరి పీల్చుకున్నట్టు హాయిగా ఈదడం మొదలెట్టాయి. టీవీ స్పీకర్లోంచి మా హాలు వినిపించింది. కీబోర్డుల చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ వెనక టప, టప, టప. ఆగింది.

"ఒరే బండోడా, ఈ ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"ఎడంవైపుకి పిన్నీ."

"ఎడంవైపు గోడ ఉంది. గోడ పక్కకి జరుగుతుందా, నువ్వు అడిగావా దాన్ని?"

"...మారుస్తా పిన్నీ."

టప, టప. "అమ్మాయ్, ఈ ఇంట్లో ముసలావిడ ఉందని చెప్పలేదూ? గిన్నెలు అంత పైన పెడితే ఎవరు దించుతారు?" టప, టప. "ఇక్కడ ప్లగ్ ఏది? మిక్సీ చేత్తో తిప్పుకుంటారా?" ఒక చేప అటు నుంచి ఇటు వెళ్ళేలోపు పిన్ని మూడు వంటిళ్ళు బాగుచేసింది. మేస్త్రి "అద్దీ!" అన్నాడు, తన పాట రేడియోలో వచ్చినట్టు.

మేడమ్ సైలెన్సర్ వైపు తిరిగారు. "నేను జీతం ఇస్తున్నది చేపలకి కాదు. దీనికి."

ఆయన మొదటిసారి తన పేరుకి తగ్గట్టు ఉన్నారు.

గెలిచాను! ఏ రికార్డింగ్ మీద నేను జెండా ఎత్తానో అదే పిన్నిని గెలిపించిందని గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిగా అనిపించింది కానీ, గెలుపు గెలుపే. పిన్ని మొహం చూద్దామని తిరిగాను. అది ఎర్రగా కందిపోయి ఉంది.

"ఆపండి దాన్ని," అంది.

"అదేంటి పిన్నీ, నీ గురించే..."

"నువ్వు నోరు మూసుకో. మేడమ్, నా గొంతు ఎవర్ని అడిగి పట్టారు? నేను తిరుగుతుంటే ఇది నా వెనక నక్కి వింటోందా? ఇన్నేళ్ళు మీ కళ్ళ ముందు తిరిగాను, అప్పుడు కనిపించలేదు. ఇప్పుడు దొంగచాటుగా విని మంచిదాన్నని తేల్చారా? సంతోషపడమంటారా?" ఆవిడ పెన్సిల్ తీసి టీవీ మీద చేపని పొడిచింది. "నేను దీంట్లోనూ లేను, ఆ ఫోన్ రాతల్లోనూ లేను. ఇదిగో, ఇక్కడున్నాను. ఏం కావాలన్నా నన్ను అడగండి. ముందు అది ఆపండి."

ఆవిడ ఎందుకంత తొందరపడుతోందో ఆగి ఆలోచించి ఉండాల్సింది. నేను ఆలోచించలేదు. గెలుపు మత్తు అలాంటిది.

"ఆపొద్దు మేడమ్!" అని అరిచాను. "ఇంకా వినండి! ముందుంది అసలు మజా!"

మజా వచ్చింది.

స్పీకర్లో కుర్చీ కిర్రుమంది. ఎవరో బ్యాగ్ ఎత్తారు. తెర మీద చేపలు మాయమై, చాటింగ్ తెరుచుకుంది. కిసకిసమని ఒక నవ్వు. ఆ నవ్వు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను.

"'సింకు కింద...' ఆగు ఆగు. 'తలుపులొద్దు...' హిహిహి. పిన్నైతే ఎలా అంటుంది?" తర్వాత అదే గొంతు ముక్కులోంచి, అచ్చం పిన్నిలా: "'ఒరే వెధవల్లారా!' అబ్బే, వద్దు, మర్యాదగా ఉండాలి. 'పెద్దలకి... దారి ఇవ్వడం... మన మర్యాద.' ఆహా! ఎంత బాగా రాస్తావురా నువ్వు! ఆ సైలెన్సర్ మొహానికి ఇలాంటి ఒక్క వాక్యం వస్తుందా?"

మేడమ్ రిమోట్ నొక్కారు. వెనక క్యాన్ 'గుడుక్' మంది.

తేలు కుట్టిన దొంగ కనీసం లోపల్లోపల అరవచ్చు. నాకు ఆ వసతి కూడా లేదు.

"మేడమ్," అన్నాను. "అది నా గొంతే. పిన్ని ఒక్క అక్షరం కూడా రాయలేదు. అన్నీ నేనే రాశాను. ఆవిడ ఉద్యోగం నిలబెడదామని మొదలెట్టాను. తర్వాత... బాగా కుదురుతున్నాయని రాశాను. సొరుగు నాది. ఆ బొక్క నాది. తాళాలు ఆవిడకి ఇచ్చెయ్యండి."

పిన్ని నా నుదుటి మీద పెన్సిల్‌తో పొడిచింది, స్క్రీన్ని పొడిచినంత గట్టిగా. "అక్క కొడుకువి కదా, నేను తెచ్చి పెట్టినవాడివి కదా అని నీ తప్పు నా నెత్తినేసుకున్నాను. అదైనా నిలబెట్టనిచ్చావా? ఆపమంటే ఆపొద్దంటావా? నీ కోసం అబద్ధమాడినా దాన్ని కూడా నువ్వే చెడగొట్టాలిరా!" అని, గొంతు తగ్గించి అంది: "నా నోరు ఇంకెప్పుడూ అరువు తీసుకోకు."

తలుపు దగ్గర గుసగుసలు వినిపించాయి. టీవీలో తమ గొంతులు విని హాల్లోవాళ్ళందరూ వచ్చేశారు. బండోడు, అమ్మాయ్, మిగతావాళ్ళు, గదిలోకి తోసుకుని నా వెనక నిలబడ్డారు. పొద్దున కావాలనుకున్న మద్దతు ఇప్పుడొచ్చింది, పెళ్ళయ్యాక మేళం వచ్చినట్టు.

మేడమ్ తాళాల గుత్తి పిన్ని వైపు తోశారు. తర్వాత నా వైపు చూశారు. "రికార్డింగ్ లేకపోతే మీ పిన్ని పని నా చెవిన పడేది కాదు. చాటింగ్ లేకపోతే ఈ సొరుగు పుట్టేదే కాదు. పొద్దున నువ్వు ఏది కొనమన్నావ్?"

"చాటింగ్ మేడమ్."

"ఇప్పుడు చెప్పు. అందరి ముందూ చెప్పు. ఏది కొనను?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలో నా ఉద్యోగం, గోతిలో అందరి స్క్రీన్లు. సైలెన్సర్ కళ్ళు మెరిశాయి. నేను పిన్ని వైపు చూశాను. ఆవిడ చెప్పుల వైపు చూశాను. తిరిగి తిరిగి మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి ఉన్నాయి. ఎలాగూ పోయేదే కదా అనిపించింది. ఒక్కసారిగా ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"రెండూ వద్దు మేడమ్. ఆ డబ్బుతో పిన్నికి మంచి చెప్పులు కొనండి. ఆవిడ తిరిగినంత కాలం మాకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఆవిణ్ణి తిరగొద్దంటే మేమూ గీయం."

నా వెనక బండోడు "అవును!" అన్నాడు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. మేస్త్రి సొరుగు మీద దరువేశాడు. మేడమ్ పెదవి చివర కదిలింది. ఒట్టు, కదిలింది. ఇంకో క్షణం ఉంటే నవ్వేసేవారు.

అప్పుడే వెనక షెడ్డులో రంపం మెషిన్ గుయ్యిమంది.

"ఏం కోస్తున్నారు?" అన్నారు మేడమ్.

"అదేనండీ, పొద్దున వచ్చిన రెండో మెసేజ్," అన్నాడు మేస్త్రి. "మీ సొంత ఇంటి వంటగది."

"నా ఇంటిదా? దాంట్లో నేనేం మార్పు చెప్పలేదే?"

అందరూ నా వైపు చూశారు. పిన్ని అయితే కళ్ళు మూసుకుంది.

"ఏం రాశావ్?" అన్నారు మేడమ్.

బల్ల కింద పీట వైపు చూడకూడదని చాలా ప్రయత్నించాను. చూశాను.

"అది కూడా నేనే మేడమ్," అన్నాను. "అల్మరాలన్నీ... మోకాలి ఎత్తుకి దించి కొయ్యమన్నాను. మీకు... మీకు అందాలని."

రంపం కోస్తూనే ఉంది. మద్దతు కోసం వెనక్కి తిరిగి చూశాను.

క్యాన్ ఒక్కటే ఉంది. ఈసారి అది కూడా గుడుక్ మనలేదు.